గాలి కావాలి, గోల వద్దు

కిందటేడు వేసవిలో మా అమ్మ తెనాలి నుంచి న్యూజెర్సీకి, మా ఇంటికి వచ్చింది. ఆవిడకి డెబ్భై నాలుగేళ్ళు. రెండు చెవులకీ వినికిడి యంత్రాలున్నాయి. మాది రెండు పడగ్గదుల అపార్టుమెంటు. రాత్రి అమ్మ మా అమ్మాయి గదిలో పడుకునేది. పగలంతా హాల్లో సోఫా మీదే. ఆ సోఫాకి ఆరడుగుల దూరంలో, ఓ మూల బల్ల మీద నా కంప్యూటరు.

మొదటి వారం కబుర్లతో గడిచిపోయింది. రెండో వారంలో ఒక సంగతి గమనించాను. సాయంత్రం నేను కంప్యూటరు ముందు కూర్చోగానే అమ్మ యంత్రాలు తీసి వాటి డబ్బాలో పెట్టేసేది. ఆ తరవాత ఎవరు పలకరించినా పలికేది కాదు. ప్రయాణపు బడలిక ఇంకా తీరలేదేమో అనుకున్నాను. మా ఆవిడ మాత్రం "అత్తయ్యగారికి ఇక్కడ తోస్తున్నట్టు లేదు. మీరేమైనా అన్నారా?" అని నన్నే నిలదీసింది. చివరికి ఓ రోజు పక్కన కూర్చుని అడిగితే అమ్మ అసలు సంగతి చెప్పింది.

"పని చేసుకునేవాడికి ఎందుకులే అని చెప్పలేదురా. నీ పెట్టె ఆన్ చేశావంటే పిండిమర పక్కన కూచున్నట్టుంటుంది. మీ మాటలన్నీ అందులో కలిసిపోతాయి. ఏమీ తెలియనప్పుడు ఇవి పెట్టుకుని ఏం లాభం?"

నిజం చెప్పొద్దూ, ఆ చప్పుడు నా చెవికి వినపడటం మానేసి అప్పటికి రెండేళ్ళయింది. చెవి బాగున్నవాడి మెదడు, ఒకే తీరుగా వచ్చే మోతని పక్కకి నెట్టేస్తుంది. వినికిడి యంత్రానికి ఆ వెసులుబాటు తక్కువ. అది మాటనీ పెంచుతుంది, మోతనీ పెంచుతుంది. ఈ కాలపు యంత్రాల్లో మోతని తగ్గించే ఏర్పాట్లు ఉన్నా, ఆరడుగుల దూరంలో నిలకడగా మోగే చప్పుడు మీద మాట తేలడం కష్టమే. అంటే, అన్ని వేల మైళ్ళు ప్రయాణం చేసి కొడుకుతో మాట్లాడటానికి వచ్చిన మనిషి, కొడుకు కొనుక్కున్న నాలుగు ఫ్యాన్ల మూలంగా రోజూ సాయంత్రం చెవులు మూసుకుని కూర్చుంటోందన్న మాట. నాలుగు అన్నాను కానీ, లెక్క పెడితే ఆరు తేలాయి. గ్రాఫిక్స్ కార్డువీ, పవర్ సప్లైదీ కాకుండానే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఇంట్లో పెట్టుకునే కంప్యూటరుకి చప్పుడు అన్నది ప్రాసెసరు వేగమంత, మెమరీ అంత ముఖ్యమైన లెక్క. అన్నీ కొన్నాక మిగిలిన చిల్లరతో కొనే సామాను కాదు ఫ్యాను.

ఎంసెట్ ర్యాంకు వ్యవహారం

2000ల తొలినాళ్ళలో సొంతంగా కంప్యూటర్లు కట్టుకున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అథ్లాన్ ఎక్స్‌పీ ప్రాసెసరు నెత్తిన 60 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాను కూర్చుని, నిమిషానికి ఐదారు వేల చుట్లు తిరుగుతూ, గదిలో ఇంకెవర్నీ మాట్లాడనిచ్చేది కాదు. 2004లో ప్రెస్కాట్ పెంటియం 4 వచ్చి వంద వాట్లు దాటించాక పరిస్థితి మరీ ముదిరింది. అప్పట్లో మనం సర్దుకుపోయాం. కంప్యూటరంటే చప్పుడు చేస్తుంది, మిక్సీ చప్పుడు చెయ్యదా, అనుకున్నాం. ఆ అలవాటే ఇప్పటికీ పోలేదు.

దానికి తోడు మనవాళ్ళలో ఇంకో జబ్బుంది. ప్రాసెసరు ఉష్ణోగ్రతని మనం రాసిన రోజుల్లో ఎంసెట్ ర్యాంకులా చూస్తాం. ఎంత తక్కువైతే అంత గొప్ప. "మా వాడిది ఎనభై దాటదు", "నాది డెబ్భై దగ్గరే ఉంటుంది" అని పోటీ. ప్రాసెసరుకి ఆ పోటీ తెలియదు. ఈనాటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లు తొంభై అయిదు, వంద డిగ్రీల సెల్సియస్ దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. 2022లో వచ్చిన రైజెన్ 7000 వరస గురించి అయితే, పూర్తి భారం మీద 95 డిగ్రీల దగ్గర నడవడానికే దాన్ని తయారుచేశామని ఏఎండీ వాళ్ళే చెప్పారు. భారం మీద 80 డిగ్రీలున్న ప్రాసెసరుని 68కి దింపితే మనకి దక్కేది తెర మీద ఓ చిన్న అంకె. ఆ పన్నెండు డిగ్రీల కోసం మనం కట్టే కప్పం చప్పుడు. ఆ కప్పం మనం ఒక్కళ్ళమే కట్టం, ఇంట్లో అందరి చేతా కట్టిస్తాం.

నేను చేసిందీ అదే. రెండేళ్ళ క్రితం ముందువైపు అద్దం పలకా, రంగురంగుల దీపాలూ ఉన్న కేసు కొన్నాను. ఆరు ఫ్యాన్లు దాంతోపాటే వచ్చాయి. అవన్నీ ఒక చిన్న డబ్బాకి, ఆ డబ్బా నేరుగా పవర్ సప్లైకి. అంటే వేగం తగ్గించే మార్గమే లేదు. కంప్యూటరు ఊరికే కూర్చున్నా ఆరూ పూర్తి వేగంతో తిరగాల్సిందే. ముందు అద్దం అడ్డం కాబట్టి గాలి పక్కనున్న సన్నటి సందుల్లోంచి ఈల వేసుకుంటూ లోపలికి రావాల్సిందే. కొనేటప్పుడు ఈ రెండూ నేను చూడలేదు. దీపాలు చూశాను.

సీలింగ్ ఫ్యాను చెప్పే పాఠం

ఫ్యాను శాస్త్రం నేర్చుకోవడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. మన ఊళ్ళో మధ్యాహ్నం నిద్రపోయినప్పుడు నెత్తి మీద తిరిగినది చాలు. మామూలు సీలింగ్ ఫ్యాను రెక్కల వ్యాసం 1200 మిల్లీమీటర్లు. నిమిషానికి మూడొందల యాభై చుట్లకి అటూ ఇటూగా తిరుగుతూ గది మొత్తానికి గాలిపోస్తుంది. దాని పక్కన చిన్న టేబుల్ ఫ్యానుతో గదంతా చల్లబరచాలంటే ఎంత గోల చెయ్యాలో ఆలోచించండి. కంప్యూటరు కేసులో వాడే మామూలు ఫ్యాను 120 మిల్లీమీటర్లు, సరిగ్గా పదో వంతు. సూత్రం మాత్రం ఒక్కటే. పెద్దదిగా ఉండాలి, నెమ్మదిగా తిరగాలి.

ఇంజనీరింగు చదివిన వాళ్ళం కాబట్టి ఓ రెండు లెక్కలు వేసుకుందాం. ఫ్యాను వేగం సగం చేస్తే గాలి సగమవుతుంది. కానీ దానికి కావలసిన శక్తి ఎనిమిదో వంతుకి పడిపోతుంది, చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదని మీకు తెలుసు. 20కి 20 కలిపితే 40 కాదు, 23. ఇంకోపక్క చెవికి చప్పుడు సగమైందనిపించడానికి సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి.

ఇప్పుడీ రెండూ కలిపి చూడండి. ఒక ఫ్యాను పూర్తి వేగంతో తోసే గాలిని, అలాంటివే రెండు ఫ్యాన్లు సగం వేగంతో తోస్తాయి. సగం వేగం వల్ల 15 తగ్గింది, రెండోది పెట్టినందుకు 3 పెరిగింది. నికరంగా 12 డెసిబెల్స్ లాభం. చెవికి సగానికన్నా తక్కువ. అందుచేత "ఫ్యాన్లు ఎక్కువైతే చప్పుడు ఎక్కువ" అన్నది సగమే నిజం. నా ఆరు ఫ్యాన్ల తప్పు ఆరు ఉండటం కాదు, ఆరూ పరిగెత్తడం.

అలాగే 80 మిల్లీమీటర్ల ఫ్యాను బదులు అదే పోలికలో 120 మిల్లీమీటర్లది పెడితే, అంతే గాలికి దాదాపు మూడో వంతు వేగం సరిపోతుంది. కేసు కొనేటప్పుడు ముందుగా చూడవలసింది ఇదే. 120, 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లకి చోటుందా? ముందువైపు గాలి వచ్చే జాలీ ఉందా, అద్దం ఉందా? ఈ రెండు ప్రశ్నలకీ సరైన జవాబు రాని కేసులో ఎంత ఖరీదైన ఫ్యాను పెట్టినా బూడిదలో పోసిన పన్నీరే.

అట్ట పెట్టె మీది అంకెలు

ఫ్యాను అట్టపెట్టె మీద మూడు అంకెలుంటాయి. గాలి ఎంత, ఒత్తిడి ఎంత, చప్పుడు ఎంత అని. మనవాళ్ళు నేరుగా మూడో అంకె చూసి, తక్కువున్నది కొనేస్తారు. ఇందులో రెండు తిరకాసులున్నాయి.

మొదటిది, ఆ చప్పుడు సాధారణంగా ప్రత్యేకమైన నిశ్శబ్దపు గదిలో, ముందూ వెనకా ఏ అడ్డూ లేకుండా తిప్పి కొలిచినది. మన ఇంట్లో ఆ ఫ్యాను ముందు దుమ్ము జల్లెడ, వెనక ఇనప జాలీ, పక్కన వైర్లు ఉంటాయి. రెక్క దగ్గరగా ఏ అడ్డం వచ్చినా గాలి చిందరవందరై చప్పుడు పెరుగుతుంది. రెండోది, ఒక కంపెనీ కొలిచిన పద్ధతి ఇంకో కంపెనీది కానక్కర్లేదు. కొందరు డెసిబెల్స్‌లో చెబుతారు, కొందరు సోన్లలో చెబుతారు. కాబట్టి ఒకే కంపెనీ ఫ్యాన్ల మధ్య పోలికకి ఆ అంకె పనికొస్తుంది కానీ, రెండు కంపెనీల మధ్య తీర్పుకి పనికిరాదు.

ఇక ఒత్తిడి సంగతి. దోమతెర కట్టుకుని పడుకున్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పైన ఫ్యాను ఎంత తిరిగినా తెరలోపలికి గాలి సరిగ్గా దిగదు. అడ్డాన్ని తోసుకుని వెళ్ళే సత్తా వేరు, ఆరుబయట గాలి విసిరే సత్తా వేరు. ఈ మొదటి సత్తానే మిల్లీమీటర్ల నీటి ఒత్తిడిలో చెబుతారు. హీట్ సింక్ రేకుల మధ్య, నీటి రేడియేటరు మీద, దుమ్ము జల్లెడ వెనక పెట్టే ఫ్యానుకి ఈ అంకె ముఖ్యం. వెనక నుంచి వేడిగాలి బయటికి తోసే ఫ్యానుకి అంత ముఖ్యం కాదు.

ఉదాహరణకి ఆస్ట్రియా కంపెనీ నాక్టువా 2018లో తెచ్చిన ఎన్ఎఫ్-ఏ12ఎక్స్25 చూడండి. 2000 చుట్ల దగ్గర 22.6 డెసిబెల్స్, 2.34 మిల్లీమీటర్ల ఒత్తిడి అని రాసుకున్నారు. అందులో అసలు విశేషం రెక్క కొసకీ చట్రానికీ మధ్య ఉన్న సందు. అది అర మిల్లీమీటరు. ఆ సందులోంచి గాలి వెనక్కి కారిపోకుండా ఉంటే నెమ్మదిగా తిరిగినా పని జరుగుతుంది. అంత సన్నటి సందు ఉంచాలంటే, ఏళ్ళ తరబడి తిరిగినా, వేడెక్కినా సాగని రెక్క కావాలి. అందుకే గట్టి పాలిమరు వాడారు, అందుకే ధర కూడా అలా ఉంటుంది. రంగు మాత్రం మన పాతకాలపు ప్రభుత్వాఫీసు గోడల్ని గుర్తుచేస్తుంది, అది వేరే సంగతి.

దాని పక్కనే ఆర్క్‌టిక్ వాళ్ళ పీ12 ఉంది. 1800 చుట్లు, 2.2 మిల్లీమీటర్ల ఒత్తిడి. నేను కొన్నప్పుడు ఒక నాక్టువా ధరకి ఇవి మూడు నాలుగు వచ్చేవి. నా అభిప్రాయం అడిగితే, ప్రాసెసరు హీట్ సింక్ మీద ఖరీదైనది ఒకటి పెట్టుకోండి, మిగతా చోట్ల చవకవి పెట్టి నెమ్మదిగా తిప్పుకోండి. ఆరొందల చుట్ల దగ్గర మంచి ఫ్యానుకీ, మహా మంచి ఫ్యానుకీ తేడా చెప్పాలంటే పాముచెవులు కావాలి.

ఇరుసు, రెగ్యులేటరు, శ్రుతి

నెమ్మదిగా తిప్పినప్పుడు గాలి చప్పుడు అణిగిపోతుంది. అప్పుడు బయటపడేది ఇరుసు చప్పుడు, అంటే బేరింగుది. చవక ఫ్యాన్లలో ఉండే స్లీవ్ బేరింగు కొత్తలో చాలా మెత్తగా తిరుగుతుంది. ఏళ్ళు గడిచి నూనె ఆరిపోయాక గరగర మొదలెడుతుంది. మా నాన్న టేబుల్ ఫ్యానులో కుట్టుమిషను నూనె చుక్క వేసి మళ్ళీ తిప్పేవారు. ఇక్కడ ఆ ఓపిక ఎవరికుంది? బాల్ బేరింగు ఎక్కువకాలం మన్నుతుంది కానీ, మొదటి రోజు నుంచే సన్నగా టిక టిక మంటుంది. నిశ్శబ్దం కావాలనుకునేవాళ్ళు ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగు అని రాసి ఉన్నది చూసుకోవాలి. అందులో ఇరుసు పల్చటి నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. నూనె బయటికి పోకుండా గాడులు చెక్కి ఉంటాయి.

తరవాత వేగం తగ్గించే పద్ధతి. మూడు తీగల ఫ్యానుకి వోల్టేజి తగ్గించి వేగం తగ్గించాలి. పన్నెండు వోల్టుల ఫ్యానుకి అయిదు వోల్టులిస్తే కొన్ని అసలు కదలవు. నాలుగు తీగల ఫ్యానులో ఒకటి నేల, ఒకటి పన్నెండు వోల్టులు, మూడోది ఎంత వేగంతో తిరుగుతున్నానో చెప్పేది, నాలుగోది ఎంత వేగం కావాలో అడిగేది. ఆ నాలుగో తీగ మీద సెకనుకి పాతికవేల సార్లు సంకేతం పోతుంది. అది మనిషి చెవికి అందే ఇరవై వేలని దాటింది కాబట్టి మనకి వినపడదు. మన ఇళ్ళలో కొన్ని ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు పెడితే రెండో నంబరు మీద ఫ్యాను సన్నగా గుంయ్‌మనడం మీరు వినే ఉంటారు. పాతికవేల సంకేతంతో ఆ బెడద లేదు. కొనేటప్పుడు నాలుగు తీగలది కొనండి. కొన్నాక బయోస్‌లోకి వెళ్ళి, ఆ ఫ్యాను పీడబ్ల్యూఎం పద్ధతిలో నడుస్తోందో, వోల్టేజి పద్ధతిలో నడుస్తోందో చూడండి. చాలాసార్లు అక్కడే పప్పులో కాలేస్తాం.

ఇంకొక్క సంగతి. ఇది సంగీతం వచ్చిన వాళ్ళకి బాగా నచ్చుతుంది. ఫ్యాను చప్పుడులో ఒక స్వరం ఉంటుంది. నిమిషానికి తిరిగే చుట్లని అరవైతో భాగించి, రెక్కల సంఖ్యతో గుణిస్తే ఆ స్వరం వస్తుంది. ఏడు రెక్కల ఫ్యాను 1120 చుట్లు తిరిగితే 130 చిల్లర హెర్ట్జ్. మన శ్రుతిపెట్టె మీద ఇంచుమించు ఒకటి శ్రుతి! దాని పక్కనే ఇంకో ఫ్యాను 1140 చుట్లు తిరిగితే 133. ఈ రెండు స్వరాలూ కలిసి సెకనుకి రెండు మూడు సార్లు ఉబ్బుతూ తగ్గుతూ "వావ్ వావ్" మంటాయి. తంబురా తీగలు సరిగ్గా కలవనప్పుడు వినపడే అదే అపశ్రుతి. చప్పుడు పెద్దది కాకపోయినా చెవిని తినేసేది ఇదే. అందుకని పక్కపక్కన ఉన్న ఫ్యాన్ల వేగాలు వంద చుట్లకి తక్కువ కాకుండా ఎడం పెట్టండి. ఏ ఫ్యానైనా కేసు రేకుతో కలిసి ఒకానొక వేగం దగ్గర ఊళ వేయడం కూడా మామూలే. వేగాన్ని నెమ్మదిగా పెంచుతూ విని, ఆ చోటు పట్టుకుని, అక్కడ ఆగకుండా దాటించేయండి. మరమేకుల బదులు రబ్బరు పిన్నులు వాడితే ఫ్యాను వణుకు రేకుకి అంతగా అంటదు.

పైసా ఖర్చు లేని మందు

ఇంత చెప్పాక మీరు అంగడికి పరిగెత్తకండి. కొత్త ఫ్యాను కొనేముందు చెయ్యవలసిన పనులు రెండున్నాయి. ఇవి రెండూ ఉచితం.

మొదటిది ఫ్యాను వేగపు గీత సరిచేయడం. ఈనాటి ప్రాసెసరు ఓ వెబ్ పేజీ తెరిస్తే చాలు, ఒక్క సెకనులో నలభై అయిదు నుంచి డెబ్భైకి ఎగబాకి, మళ్ళీ దిగిపోతుంది. హీట్ సింక్ వేడెక్కడానికి మాత్రం ఇంకా చాలా సమయం పడుతుంది. కానీ మదర్‌బోర్డు, ప్రాసెసరు చెప్పిన అంకె విని కంగారుపడి ఫ్యానుని ఉరికిస్తుంది. రెండు సెకన్లలో ఆపేస్తుంది. మళ్ళీ ఉరికిస్తుంది. నిలకడగా మోగే చప్పుడుకన్నా ఇలా లేచిపడే చప్పుడు మనిషిని ఎక్కువ చికాకు పెడుతుంది. బయోస్‌లో అరవై అయిదు డిగ్రీల దాకా వేగం ఒకే తీరుగా ఉండేట్టు, ఆపైన మెల్లగా పెరిగేట్టు గీత గియ్యండి. వేగం మారేముందు కొన్ని సెకన్లు ఆగమని చెప్పే అమరిక కూడా చాలా బోర్డుల్లో ఉంటుంది. అది పెట్టండి. గ్రాఫిక్స్ కార్డుకి పని లేనప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే అమరిక ఉంటే అదీ చూసుకోండి.

రెండోది అసలు వేడినే తగ్గించడం. నాది రైజెన్ 9 7900ఎక్స్. కంపెనీ పెట్టిన అమరికలో అది 230 వాట్ల దాకా లాగుతుంది. బయోస్‌లో ఎకో మోడ్ అని ఒకటుంది. 65 వాట్ల ఎకో మోడ్ పెడితే హద్దు 88 వాట్లకి దిగుతుంది. దాన్తో నాకు పదకొండు నిమిషాలు పట్టే బిల్డు పదమూడు నిమిషాలు పడుతోంది. ఆ రెండు నిమిషాలు నేను ఇదివరకు ఏం చేశానో ఆలోచిస్తే, ఫోను చూసుకున్నాను. ఇప్పుడూ అదే చేస్తున్నాను. సగానికి పైగా వేడి పుట్టకుండానే ఆగిపోయింది. పుట్టని వేడికి ఫ్యాను అక్కర్లేదు.

ఆఖరికి నేను చేసింది ఇంతే. కేసు మార్చి, ముందు జాలీ ఉన్నది తీసుకున్నాను. ముందు 140 మిల్లీమీటర్లవి రెండు, వెనక 120ది ఒకటి, ప్రాసెసరు మీద ఎత్తైన హీట్ సింకూ దానికో మంచి ఫ్యానూ. మామూలు పని మీద అన్నీ ఆరొందలకీ ఏడొందల యాభైకీ మధ్య తిరుగుతాయి. పెట్టెని బల్ల మీద నుంచి దింపి, బల్ల కింద చిన్న పీట మీద పెట్టాను. కార్పెట్ మీద నేరుగా పెడితే నూగంతా లోపలికే పోతుంది. రెండు నెలలకోసారి జల్లెడ దులుపుతాను. పూర్తి బిల్డు నడిచేటప్పుడు కూడా ఉష్ణోగ్రత డెబ్భై అయిదు దాటలేదు.

అయినా సరే అనేవాళ్ళకి

"హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే సరిపోదా?" అని మా ఆఫీసులో ఓ మిత్రుడన్నాడు. ఆయనకి సరిపోతుంది. ఆయన పక్కన కూర్చున్నవాళ్ళకి? ఇంట్లో చప్పుడు చేసేవాడు తన చెవులు మూసుకోవడం పరిష్కారం అనిపించుకోదు.

"2020 నుంచి మాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే లేదు. అది కొనుక్కోవచ్చుగా?" అన్నాడు ఇంకొకాయన. నిజమే. దాంతో పని జరిగేవాళ్ళు నిక్షేపంగా అదే కొనుక్కోవాలి. నిశ్శబ్దానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. కానీ పెద్ద బిల్డులూ, వర్చువల్ మెషీన్లూ, గ్రాఫిక్స్ కార్డు పనులూ గంటల తరబడి నడిపేవాళ్ళకి డెస్క్‌టాప్ ఇంకా కావాలి. ఈ వ్యాసం వాళ్ళ కోసం.

"మరీ ఇంత చాదస్తమా?" అన్నవాళ్ళూ ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన సూచనల్లో, పడగ్గదిలో నిలకడగా ఉండే చప్పుడు 30 డెసిబెల్స్ దాటకుండా ఉంటే మంచిదని చెప్పింది. మనలో ఎంతమంది పడగ్గదిలోనే ఓ మూల బల్ల వేసుకుని, పక్కన పసిపిల్ల నిద్రపోతుంటే రాత్రి పదింటిదాకా పని చేస్తున్నామో లెక్క వేసుకోండి. ఫోనులో చప్పుడు కొలిచే యాప్ ఒకటి వేసుకుని, కంప్యూటరు ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి, మీ తల ఉండే చోట కొలవండి. ఫోను చెప్పే అంకెని పూర్తిగా నమ్మనక్కర్లేదు. రెండింటికీ తేడా ఎంతో తెలిస్తే చాలు.

మనం లక్షల మంది వాడే సాఫ్ట్‌వేర్ రాస్తాం. వాడేవాళ్ళ ఇబ్బందుల గురించి గంటల కొద్దీ మీటింగులు పెడతాం. మన కంప్యూటరు పక్కనే సోఫాలో కూర్చున్న మనిషి మాత్రం ఆ లెక్కలోకి రాదు. ఆవిడ ఫిర్యాదు చెయ్యదు. డబ్బాలో యంత్రాలు పెట్టేసుకుని ఊరుకుంటుంది. నేను సిగ్గుపడ్డది అక్కడ.

కొత్త ఫ్యాన్లు బిగించిన వారంలోనే అనుకుంటాను, రాత్రి తొమ్మిదిన్నరకి హైదరాబాదు టీముతో కాల్ ఉంది. అక్కడ పొద్దున్న ఏడు. పిల్లలు ఇంకా మేలుకునే ఉన్నారు కదా అని స్పీకరు మీదే పెట్టి, పని ముగించి ఆపాను. వెనక నుంచి అమ్మ గొంతు.

"ఆ చివర మాట్లాడిన అమ్మాయిది గోదావరి జిల్లాలు కదూ? 'ఆయ్' అంటోంది."

వెనక్కి తిరిగి చూశాను. వినికిడి యంత్రాల డబ్బా టీపాయ్ మీద మూత తీసి ఉంది, ఖాళీగా.

మర్నాడు ఆ అమ్మాయినే అడిగాను. వాళ్ళది అమలాపురమట.